ప్లాను చూసి కొన్న ఇల్లు... గడువు దాటితే?

సూరత్: పట్టుచీరలకు కంచి ఎలాగో, సింథటిక్ చీరలకు సూరత్ అలాగ. ఆ చీరలు నేసే మరమగ్గాల వెనుక తెలుగు చేతులు ఎన్నో ఉన్నాయి. ఉమ్మడి కరీంనగర్, వరంగల్, నల్గొండ జిల్లాల నుంచి దశాబ్దాల క్రితం వలస వచ్చిన పద్మశాలి కుటుంబాలు లింబాయత్, ఉధనా, డిండోలి ప్రాంతాల్లో స్థిరపడ్డాయి. వారి పిల్లల కోసం సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో పాఠశాలలు నడుపుతున్నది. అద్దె గదిలో మొదలైన ఈ జీవితాల్లో తదుపరి మెట్టు సొంత ఫ్లాటు. అది కూడా చాలా సందర్భాల్లో ఇంకా కట్టని ఫ్లాటు. కట్టిన ఇల్లు కొనాలంటే సొమ్మంతా ఒకేసారి కావాలి. కట్టబోయే ఇంటికి వాయిదాల్లో చెల్లించవచ్చు, ధర కూడా కొంత తక్కువ.

చిక్కు కూడా సరిగ్గా అక్కడే ఉన్నది. కొనుగోలుదారు సొమ్ము ముందు చెల్లిస్తాడు, ఇల్లు తరువాత వస్తుంది. ఆ ‘తరువాత’ ఎప్పుడన్నది ఒప్పందంలో రాసి ఉంటుంది. రాసిన తేదీ దాటిపోయినప్పుడు ఏం చేయాలన్నది మాత్రం చాలామందికి తెలియదు.

ఈ నిరీక్షణ పేదలకు, మధ్యతరగతికి మాత్రమే పరిమితం కాదు. నగర శివారులోని ఖజోద్ వద్ద వెలసిన సూరత్ డైమండ్ బోర్స్ ఇందుకు ఉదాహరణ. సుమారు 67 లక్షల చదరపు అడుగుల ఈ సముదాయంలో నాలుగువేలకు పైగా కార్యాలయాలు ఉన్నాయి. విస్తీర్ణంలో ఇది అమెరికా రక్షణ శాఖ కార్యాలయమైన పెంటగన్‌ను మించినదని చెబుతారు. 2015లో శంకుస్థాపన జరిగింది. వజ్రాల వ్యాపారులే సభ్యులుగా చేరి, కాగితంపై ఉన్న కార్యాలయాలకు సొమ్ము చెల్లించారు. మధ్యలో కోవిడ్ వచ్చింది. ప్రధాని నరేంద్ర మోదీ చేతుల మీదుగా ప్రారంభోత్సవం జరిగేసరికి 2023 డిసెంబరు 17 అయింది. అదే సంవత్సరం నిర్మాణ సంస్థ తనకు 538 కోట్ల రూపాయలు రావలసి ఉందంటూ సూరత్ న్యాయస్థానాన్ని ఆశ్రయించింది. ప్రారంభోత్సవం తరువాత కూడా ముంబయి నుంచి వ్యాపారం తరలిరావడం నెమ్మదిగానే సాగింది. వజ్రాల వ్యాపారి నిరీక్షణను భరించగలడు, అతనికి ముంబయిలో మరొక కార్యాలయం ఉంటుంది. మగ్గం కార్మికునికి ఉండేది అద్దె గది మాత్రమే.

రెండు వైపులా చెల్లింపు

జాప్యం అంటే ఎదురుచూపు మాత్రమే కాదు, డబ్బు. ఒక లెక్క చూద్దాం. ఇది ఊహించి వేసిన లెక్కే అయినా, అంకెలు అసాధారణమైనవి కావు. ఫ్లాటు ధర 30 లక్షల రూపాయలు. అందులో ఆరు లక్షలు సొంత సొమ్ము, 24 లక్షలు బ్యాంకు రుణం. ఒప్పందం ప్రకారం ఇల్లు చేతికి రావలసిన నాటికి 90 శాతం, అంటే 27 లక్షలు బిల్డరుకు చేరాయి. అందులో బ్యాంకు విడుదల చేసినది 21 లక్షలు. రుణంపై తొమ్మిది శాతం వడ్డీ అనుకుంటే, నెలకు 15,750 రూపాయలు వడ్డీ కిందనే పోతుంది. పూర్తి రుణం విడుదలయ్యే వరకు బ్యాంకులు సాధారణంగా వడ్డీ మాత్రమే వసూలు చేస్తాయి. వ్యవహారంలో దీన్ని ‘ప్రీ ఈఎంఐ’ అంటారు. ఎంత కాలం చెల్లించినా అసలులో ఒక్క రూపాయి తగ్గదు.

దీనికి ఇప్పుడున్న ఇంటి అద్దె ఎనిమిది వేలు కలపండి. నెలకు 23,750 రూపాయలు. రెండేళ్లు ఆలస్యమైతే ఐదు లక్షల 70 వేలు. ఇంటి కోసం కూడబెట్టిన సొంత సొమ్ము దాదాపు మరొకసారి ఖర్చయినట్టే.

ఆదాయపు పన్ను వైపు నుంచి మరొక దెబ్బ ఉంది. పాత పన్ను విధానంలో ఉన్నవారికి, తాము నివసించే ఇంటి రుణ వడ్డీపై ఏటా రెండు లక్షల రూపాయల వరకు మినహాయింపు లభిస్తుంది. అయితే రుణం తీసుకున్న ఆర్థిక సంవత్సరం ముగిసిన నాటి నుంచి ఐదేళ్లలోగా నిర్మాణం పూర్తి కావాలి. కాకపోతే ఆ రెండు లక్షల పరిమితి 30 వేలకు పడిపోతుంది. ఆలస్యం చేసింది బిల్డరు, మినహాయింపు పోయేది కొనుగోలుదారుకు.

ఈ లెక్కలో రెండో సగం కూడా ఉంది. 2016 నాటి రియల్ ఎస్టేట్ నియంత్రణ, అభివృద్ధి చట్టం, అంటే అందరూ ‘రెరా’ అని పిలిచే చట్టం, జాప్యానికి బిల్డరు వడ్డీ చెల్లించాలని చెబుతున్నది. పెక్కు రాష్ట్రాల నిబంధనల ప్రకారం ఆ వడ్డీ భారతీయ స్టేట్ బ్యాంకు అత్యధిక ఎంసీఎల్ఆర్ రేటుకు రెండు శాతం అదనం. అది 11 శాతమనుకుంటే, చెల్లించిన 27 లక్షలపై నెలకు 24,750 రూపాయలు. రెండేళ్లకు ఐదు లక్షల 94 వేలు. అంటే చట్టం ఇస్తానన్నది కుటుంబం నష్టపోయినదానికి దాదాపు సరిపోతుంది. అయితే అది నిజంగా చేతికి రావాలి. ఇక్కడి కథంతా ఆ చివరి మాట చుట్టూనే తిరుగుతున్నది.

ఏకపక్ష ఒప్పందాల కాలం

రెరాకు ముందు చట్టాలు లేవని కాదు. గుజరాత్‌లో 1973 నుంచే ఓనర్‌షిప్ ఫ్లాట్ల చట్టం ఉంది. 1986లో వినియోగదారుల రక్షణ చట్టం వచ్చింది. గృహనిర్మాణం కూడా ‘సేవ’ కిందికి వస్తుందని, అందులో లోపముంటే వినియోగదారుల ఫోరానికి వెళ్లవచ్చునని 1993 నవంబరులో లక్నో అభివృద్ధి సంస్థ కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. ఆ తీర్పు తరువాత తలుపులు తెరుచుకున్నాయి, లోపల వరుస మాత్రం చాంతాడంత.

చిక్కంతా ఒప్పంద పత్రంలోనే ఉండేది. బిల్డరు న్యాయవాది రాసిన పత్రంపై కొనుగోలుదారు సంతకం చేయడం తప్ప, ఒక్క పంక్తి మార్చే అవకాశం లేదు. గురుగ్రామ్‌లోని ఒక నివాస సముదాయానికి సంబంధించి పయనీర్ అర్బన్ ల్యాండ్ సంస్థ కేసు ఈ పరిస్థితికి అద్దం పట్టింది. కొనుగోలుదారు వాయిదా ఆలస్యం చేస్తే 18 శాతం వడ్డీ. బిల్డరు ఇల్లు ఆలస్యం చేస్తే, అదనపు గడువులన్నీ దాటి, నోటీసు ఇచ్చిన తరువాత తొమ్మిది శాతం. ఇటువంటి ఏకపక్ష షరతులు అనుచిత వ్యాపార పద్ధతి అవుతాయని, అవి కొనుగోలుదారును బంధించవని 2019 ఏప్రిల్ 2న సుప్రీంకోర్టు ప్రకటించింది. ఆ కేసులో ఫిర్యాదు దాఖలైన తరువాత, 2018లో, బిల్డరుకు ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చింది. ఇల్లు సిద్ధమైంది, తీసుకోమన్నాడు. అంత ఆలస్యంగా ఇచ్చిన ఇంటిని తీసుకోవలసిందేనని కొనుగోలుదారును బలవంతం చేయలేమని కోర్టు చెప్పింది.

గడువు తేదీయే రాయని ఒప్పందాల సంగతి వేరు. 2018 మార్చిలో ఫార్చ్యూన్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ కేసులో, కొనుగోలుదారును అనంతకాలం ఎదురుచూడమనడం కుదరదని, అటువంటి సందర్భంలో మూడేళ్లు సహేతుకమైన గడువని సుప్రీంకోర్టు పేర్కొన్నది.

చట్టం చేతిలో పెట్టిన హక్కు

రెరా చట్టంలోని కొన్ని సెక్షన్లు 2016 మే 1న, మిగిలినవి 2017 మే 1న అమల్లోకి వచ్చాయి. గుజరాత్ రెరా ప్రధాన కార్యాలయం గాంధీనగర్‌లో ఉంది. ఐదువందల చదరపు మీటర్లకు మించని స్థలంలోని, లేదా ఎనిమిదికి మించని ఫ్లాట్లున్న నిర్మాణాలకు నమోదు అవసరం లేదు. మిగిలిన ప్రాజెక్టులను నమోదు చేయకుండా ప్రకటించడం గాని, విక్రయించడం గాని చట్టవిరుద్ధం. కొనుగోలుదారుల నుంచి వచ్చిన సొమ్ములో 70 శాతాన్ని ప్రత్యేక ఖాతాలో ఉంచి, ఆ ప్రాజెక్టు స్థలానికి, నిర్మాణానికి మాత్రమే వినియోగించాలి. ఒక ప్రాజెక్టు సొమ్ముతో మరొక చోట భూమి కొనడమే గతంలో జాప్యాలకు ప్రధాన కారణం కాబట్టి ఈ నిబంధన పెట్టారు.

రిజిస్టరైన ఒప్పందం లేకుండా ధరలో పది శాతానికి మించి తీసుకోరాదని 13వ సెక్షన్ చెబుతున్నది. గుజరాత్‌లో ఈ ఒప్పందాన్ని ‘బానాఖత్’ అంటారు, తుది విక్రయ పత్రాన్ని ‘దస్తావేజ్’ అంటారు. మన దస్తావేజు మాటే. సూరత్‌లో ఇల్లు కొనే తెలుగువారు ముందుగా నేర్చుకోవలసిన గుజరాతీ మాటలు ఈ రెండే.

అన్నిటికన్నా ముఖ్యమైనది 18వ సెక్షన్. బానాఖత్‌లో రాసిన తేదీకి ఇల్లు ఇవ్వలేకపోతే కొనుగోలుదారు ముందు రెండు దారులు ఉంటాయి. ఒప్పందం నుంచి తప్పుకుని, చెల్లించిన సొమ్మంతా వడ్డీతో, నష్టపరిహారంతో సహా వెనక్కి అడగవచ్చు. లేదా ఇల్లే కావాలనుకుంటే, ఆలస్యమైన ప్రతి నెలకూ వడ్డీ కోరవచ్చు. దారిని ఎన్నుకునేది కొనుగోలుదారే, బిల్డరు కాదు. వాపసు కోరే ఈ హక్కు షరతులు లేనిదని, జాప్యానికి కారణాలు ఏమైనా అది చెక్కుచెదరదని 2021 నవంబరు 11న న్యూటెక్ ప్రమోటర్స్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. చట్టం వచ్చేనాటికి నిర్మాణంలో ఉండి, పూర్తి ధ్రువపత్రం రాని ప్రాజెక్టులకూ ఇది వర్తిస్తుందని అదే తీర్పు పేర్కొన్నది.

బిల్డరుకు దొరికే సడలింపు చాలా చిన్నది. యుద్ధం, వరద, కరువు, అగ్నిప్రమాదం, తుపాను, భూకంపం వంటి ప్రకృతి వైపరీత్యాలు సంభవిస్తేనే ప్రాజెక్టు నమోదు గడువును రెరా పొడిగించగలదు. తగిన కారణాలుంటే మరొక ఏడాది మించకుండా పొడిగించే వీలు కూడా ఉంది. 2020 మార్చి 25 లేదా ఆ తరువాత గడువు తీరే ప్రాజెక్టులకు కోవిడ్ కారణంగా ఆరు నెలలు అదనంగా ఇవ్వాలని కేంద్రం ఆ ఏడాది మేలో సూచించింది. సిమెంటు ధర పెరిగిందన్నది, కూలీలు హోలీకి ఊరెళ్లి తిరిగి రాలేదన్నది ఈ జాబితాలో లేవు.

ఇల్లు సిద్ధం, కాగితం లేదు

గోడలు లేవకపోవడం కంటికి కనిపించే జాప్యం. సూరత్ వంటి నగరాల్లో అంతకన్నా చిక్కైనది కంటికి కనిపించని జాప్యం. భవనం పూర్తవుతుంది, రంగులు వేస్తారు, లిఫ్టు నడుస్తుంది, బిల్డరు తాళంచెవులు ఇస్తానంటాడు. బిల్డింగ్ యూజ్ పర్మిషన్ మాత్రం రాదు. హైదరాబాద్, విజయవాడలలో ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ అని పిలిచే పత్రాన్నే గుజరాత్‌లో ‘బీయూ’ అంటారు. అనుమతి పొందిన ప్లాను ప్రకారమే కట్టారని, అగ్నిమాపక ఏర్పాట్లు ఉన్నాయని, నివాసానికి యోగ్యమని నగరపాలక సంస్థ ఇచ్చే ధ్రువీకరణ అది. అది లేకుండా ఇంట్లో చేరితే, చట్టం దృష్టిలో ఆ ఇల్లు ఇంకా నిర్మాణంలో ఉన్నట్టే.

బీయూ ఎందుకు ఆగుతుంది? అదనంగా ఒక అంతస్తు వేసి ఉండవచ్చు. పార్కింగ్ స్థలంలో దుకాణాలు కట్టి ఉండవచ్చు. అగ్నిమాపక అనుమతి రాకపోవచ్చు. ఈ చివరి కారణానికి సూరత్‌లో ఒక విషాదకరమైన నేపథ్యం ఉన్నది. 2019 మే 24న సర్థానా ప్రాంతంలోని తక్షశిల వాణిజ్య సముదాయంలో మంటలు చెలరేగి, కోచింగ్ తరగతిలో ఉన్న 22 మంది విద్యార్థులు మరణించారు. అయిదేళ్ల తరువాత, 2024 మే 25న, రాజ్‌కోట్ గేమ్ జోన్ అగ్నిప్రమాదం 27 మందిని బలిగొన్నది. ప్రతిసారీ రాష్ట్రమంతటా తనిఖీలు, సీళ్లు, గుజరాత్ హైకోర్టులో విచారణలు. నిబంధనలు కఠినం కావడం ప్రాణాల కోసమే, అందులో రెండో మాట లేదు. అయితే ఆ నిబంధనలు పాటించని బిల్డరు కట్టిన భవనంలో ఫ్లాటు కొన్న కుటుంబానికి ఆ కఠినత్వం జాప్యం రూపంలోనే ఎదురవుతుంది.

ఎత్తు సమస్య మరొకటి. విమానాశ్రయానికి దగ్గరలోని వెసు వైపు కొన్ని బహుళ అంతస్తుల భవనాలు పరిమితిని మించి రన్‌వేకు అడ్డు వస్తున్నాయన్న వివాదం హైకోర్టు దాకా వెళ్లింది. అటువంటి భవనంలో పై అంతస్తు కొన్నవారి పరిస్థితి ఊహించవచ్చు.

చట్టం ఈ దశకు కూడా గడువులు పెట్టింది. స్థానిక చట్టం వేరే చెప్పని పక్షంలో, ఆక్యుపెన్సీ పత్రం వచ్చిన మూడు నెలల్లోగా బిల్డరు విక్రయ దస్తావేజు రిజిస్టరు చేసి ఇవ్వాలి. పత్రం వచ్చిన రెండు నెలల్లోగా కొనుగోలుదారు ఇంటిని స్వాధీనం చేసుకోవాలి. రెండు గడువులూ ఆ పత్రం తేదీ నుంచే మొదలవుతాయి. పత్రం రాని ఇంటిని ‘తీసుకోండి’ అంటూ బిల్డరు పంపే ఉత్తరానికి ఈ లెక్కలో స్థానం లేదు. ఆ ఉత్తరం రాగానే జాప్యం వడ్డీ ఆగిపోతుందని బిల్డరు వాదించవచ్చు. అందుకే ఉత్తరం అందుకున్నవారు ముందుగా అడగవలసినది బీయూ నంబరు, తేదీ.

ఆగిన కాలంలో ప్రభుత్వ సుంకాలు ఆగవు. గుజరాత్‌లో ఆస్తుల ప్రభుత్వ విలువను ‘జంత్రీ’ అంటారు. 2023 ఏప్రిల్ 15 నుంచి జంత్రీ రేట్లను పెంచారు. పలు కేటగిరీల్లో రెట్టింపయ్యాయి, నివాస ఫ్లాట్లకు పెంపు కొంత తక్కువ. స్టాంపు డ్యూటీ 4.9 శాతం, రిజిస్ట్రేషన్ రుసుము ఒక శాతం. మహిళల పేరిట రిజిస్టరు చేస్తే ఆ ఒక శాతం మినహాయింపు. ఆ ఏడాది జనవరిలో కావలసిన దస్తావేజు బిల్డరు ఆలస్యం వల్ల మే నెలకు జరిగితే, జంత్రీ విలువ కొన్న ధరను మించిపోయిన చోట అదనపు డ్యూటీ ఎవరి జేబు నుంచి పోతుందన్న ప్రశ్న వస్తుంది. బానాఖత్‌లో ఈ విషయం రాయించుకున్నవారు అరుదు. జాప్యం వల్ల పడిన ఇటువంటి అదనపు భారాన్ని రుజువు చేస్తే నష్టపరిహారం కింద కోరవచ్చు. దాన్ని నిర్ణయించేది రెరాలోని న్యాయనిర్ణయాధికారి.

తేదీ దాటిన మరునాడు

చాలామంది చేసే మొదటి పొరపాటు కోపంతో వాయిదాలు ఆపేయడం. బ్యాంకుకు, బిల్డరుకు, కొనుగోలుదారుకు మధ్య త్రైపాక్షిక ఒప్పందం ఉంటుంది. ఇల్లు రాలేదన్న కారణంతో బ్యాంకు వాయిదా ఆపితే, బిల్డరుకు ఏమీ కాదు, కొనుగోలుదారు రుణ చరిత్ర దెబ్బతింటుంది. బిల్డరుకు చెల్లించవలసిన వాయిదా ఆపినా, బిల్డరు చెల్లించవలసిన రేటుతోనే కొనుగోలుదారు కూడా వడ్డీ కట్టాలి. చట్టం ఇక్కడ ఇద్దరినీ సమానంగా చూస్తున్నది. అంతే కాదు, తాను సకాలంలో చెల్లించానని చూపగలిగినవారి ఫిర్యాదుకే బలం ఉంటుంది.

రెండో పొరపాటు నోటిమాటను నమ్మడం. ‘వచ్చే దీపావళికి తప్పకుండా’ అన్న హామీ ఎంత ఆప్యాయంగా పలికినా, రెరా ముందు దానికి విలువ లేదు. అంతకన్నా ప్రమాదకరమైనది, గడువు పొడిగింపుకు అంగీకరిస్తున్నట్టు బిల్డరు కార్యాలయంలో సంతకం పెట్టమని ఇచ్చే కాగితం. తాళంచెవులు ఇచ్చేటప్పుడు ‘ఇక ఎటువంటి క్లెయిములూ లేవు’ అని రాసి ఉన్న పత్రం కూడా ఆ కోవలోనిదే. చదవని భాషలో ఉన్న కాగితంపై సంతకం పెట్టడం సూరత్‌లోని తెలుగువారికి ప్రత్యేకమైన ఇబ్బంది. బానాఖత్ గుజరాతీలో ఉంటే, లిపి తెలిసిన పిల్లవాడి చేతనైనా చదివించుకోవడం మేలు. ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లలకు ఆ భాష వచ్చి ఉంటుంది.

చేయవలసింది పెద్ద పనేమీ కాదు. బానాఖత్‌లోని స్వాధీనం తేదీని, రెరా వెబ్‌సైటులో ఆ ప్రాజెక్టు పేరు కింద నమోదైన పూర్తి తేదీని పక్కపక్కన పెట్టి చూడాలి. రెండూ ఒకటి కాకపోవచ్చు. కొనుగోలుదారుకు ఇచ్చిన మాట బానాఖత్‌లోనిది. బిల్డరు మూడు నెలలకొకసారి నిర్మాణ పురోగతిని ఆ వెబ్‌సైటులో తెలియజేయాలి. ఆ పుటలను ముద్రించి దాచుకోవాలి. రశీదులు, బ్యాంకు ఖాతా పత్రం, అద్దె ఒప్పందం, బిల్డరు పంపిన ప్రతి ఉత్తరం ఒక సంచిలో ఉండాలి. గడువు దాటగానే రిజిస్టరు పోస్టులో, ఈమెయిల్‌లో రాతపూర్వకంగా అడగాలి: ఇల్లు ఎప్పుడు, అప్పటి వరకు వడ్డీ ఎంత. సమాధానం రాకపోతే 31వ సెక్షన్ కింద రెరాకు ఫిర్యాదు. దరఖాస్తులను 60 రోజుల్లో పరిష్కరించాలని, కుదరకపోతే కారణాలను రాతపూర్వకంగా నమోదు చేయాలని చట్టం చెబుతున్నది.

ఒక్కరుగా వెళ్లడంకన్నా ఫ్లాటు కొన్నవారంతా సంఘంగా ఏర్పడి వెళితే ప్రయోజనం ఎక్కువ. ప్రాజెక్టు నమోదు రద్దయినా, గడువు ముగిసిపోయినా మిగిలిన నిర్మాణాన్ని చేపట్టడానికి మొదటి అవకాశం కొనుగోలుదారుల సంఘానిదే. వినియోగదారుల కమిషన్ దారి కూడా మూసుకుపోలేదు. రెరా ఉన్నంత మాత్రాన ఆ హక్కు పోదని 2020 నవంబరు 2న ఇంపీరియా స్ట్రక్చర్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

ఉత్తర్వు వచ్చాక

కొనుగోలుదారు గెలిచాడనుకుందాం. వాపసు ఇవ్వాలని, లేదా నెలనెలా వడ్డీ చెల్లించాలని ఉత్తర్వు వచ్చింది. బిల్డరు అప్పీలుకు వెళ్లాలంటే కొనుగోలుదారుకు చెల్లించవలసిన మొత్తమంతా ముందు జమ చేయాలి. ఇది గట్టి నిబంధనే, న్యూటెక్ తీర్పు దీన్ని సమర్థించింది కూడా. అప్పీలుకు వెళ్లకుండా, డబ్బూ చెల్లించకుండా ఊరుకునే బిల్డరుతోనే అసలు తంటా. అప్పుడు ఆ మొత్తాన్ని భూమి శిస్తు బకాయి వలె వసూలు చేయాలి. పని రెరా నుంచి కలెక్టరు కార్యాలయానికి, అక్కడి నుంచి రెవెన్యూ సిబ్బందికి వెళుతుంది. జప్తు చేయడానికి బిల్డరు పేరిట ఆస్తి దొరకాలి. చాలామంది బిల్డర్లు ప్రతి ప్రాజెక్టుకూ ఒక కొత్త భాగస్వామ్య సంస్థ పెడతారు. ఫ్లాట్లు అమ్ముడుపోయాక ఆ సంస్థ పేరిట మిగిలేది బోర్డు ఒక్కటే. చట్టం బలమంతా తీర్పు వరకు, బలహీనత అంతా వసూలు దగ్గర. ఉత్తర్వు ఎంత త్వరగా వస్తే, అమ్ముడుపోని ఫ్లాట్లు ఇంకా మిగిలి ఉండగానే వాటిపై చేయి వేసే అవకాశం అంత ఎక్కువ. గడువు దాటిన తరువాత మూడేళ్లు మొహమాటంతో ఆగినవారు పోగొట్టుకునేది ఈ అవకాశాన్నే.

బిల్డరు దివాలా తీస్తే మరొక అధ్యాయం. 2018 జూన్ నాటి ఆర్డినెన్సుతో ఇళ్ల కొనుగోలుదారులకు దివాలా స్మృతి కింద ఆర్థిక రుణదాతల హోదా లభించింది. 2020 సవరణతో, ఒకే ప్రాజెక్టులోని వందమంది లేదా పదిశాతం మంది, ఏది తక్కువైతే అంతమంది, కలిసి వస్తేనే దరఖాస్తు చెల్లుతుంది. ఢిల్లీ పరిసరాల్లో ఆమ్రపాలి ప్రాజెక్టులు నిలిచిపోయినప్పుడు, 2019 జులైలో సుప్రీంకోర్టు వాటిని పూర్తి చేసే బాధ్యతను ప్రభుత్వరంగ ఎన్‌బీసీసీకి అప్పగించవలసి వచ్చింది. దేశంలో నిలిచిపోయిన ఇళ్లు 4.12 లక్షలని, వాటి విలువ 4.08 లక్షల కోట్ల రూపాయలని 2023లో అమితాబ్ కాంత్ కమిటీ నివేదిక పేర్కొన్నది. వాటిలో సగానికి పైగా ఢిల్లీ చుట్టుపక్కలవే. సూరత్ ఆ స్థాయిలో లేదు. అయితే డిండోలిలో ఆగిన ఒక్క ఇంట్లో ఉండవలసిన కుటుంబానికి ఈ పోలిక వల్ల ఒరిగేదేమీ లేదు.

సొంత రాష్ట్రంలో కొంటే?

సూరత్‌లో సంపాదించి, ఇల్లు మాత్రం హైదరాబాద్‌లో కొనాలనుకునేవారు కూడా ఉన్నారు. వారు గమనించవలసిన తేడా ఒకటున్నది. గుజరాత్‌లో, చట్టం వచ్చేనాటికి కొనసాగుతున్న ప్రాజెక్టులు కూడా నమోదు పరిధిలోకి వచ్చాయి. తెలంగాణ నిబంధనలు మాత్రం 2017 జనవరి 1 తరువాత అనుమతి పొందిన ప్రాజెక్టులకే వర్తించేలా రూపొందాయి. హైదరాబాద్‌లో ‘ప్రీలాంచ్’ పేరిట, అనుమతులు రాకముందే, రెరా నమోదు లేకుండానే తక్కువ ధరకు మొత్తం సొమ్ము వసూలు చేసే పద్ధతి విస్తరించింది. 2022లో సాహితీ ఇన్‌ఫ్రాటెక్ సంస్థపై వందలాది కొనుగోలుదారులు పోలీసులను ఆశ్రయించడంతో ఆ వ్యవహారం బయటపడింది. ప్రీలాంచ్‌లో కొన్నవారి చేతిలో రిజిస్టరైన ఒప్పందం ఉండదు, స్వాధీనం తేదీ ఉండదు, ప్రత్యేక ఖాతా ఉండదు. జాప్యం జరిగిందని చెప్పడానికి కూడా ఒక గడువు తేదీ కావాలి కదా.

దూరాన ఉండి కొనేవారికి ఇంకో చిక్కు. నిర్మాణం ఏ అంతస్తు వరకు వచ్చిందో వెళ్లి చూసే వీలుండదు. బ్యాంకు మాత్రం నిర్మాణ దశను బట్టి వాయిదాలు విడుదల చేస్తుంది. ప్రతి విడుదలకు ముందు బ్యాంకు ఇంజనీరు తనిఖీ నివేదిక ప్రతిని అడిగి తీసుకోవచ్చు. అడిగేవారు తక్కువ.

తాళంచెవి చేతికి వచ్చిన రోజున కూడా లెక్క ముగియదు. స్వాధీనం ఇచ్చిన తేదీ నుంచి ఐదేళ్ల లోపు కట్టడంలో, పనితనంలో లోపాలు బయటపడితే, తెలియజేసిన 30 రోజుల్లో బిల్డరు ఉచితంగా సరిచేయాలి. పిల్లరులో పగులు, పైకప్పు నుంచి నీరు కారడం వంటివి ఇందులోకి వస్తాయి. తపతి తీరాన వర్షాలకు పైకప్పు నాణ్యత మొదటి వానాకాలంలోనే తేలిపోతుంది. ఆ ఐదేళ్లు ఏ రోజు మొదలయ్యాయో చెప్పే స్వాధీన పత్రం, తేదీతో, బిల్డరు సంతకంతో, బీయూ నంబరుతో ఉండాలి. దాని అసలు ప్రతిని బ్యాంకు తీసుకుంటుంది కనుక, నకలు ఒకటి ఇంట్లో ఉంచుకోవాలి.